ఘటము లేని పటము: ఒక పాతచీర వాపసు తగవుకు టీకా తాత్పర్యము

అవతారిక

మెదక్‌లో బస్సెక్కితే గంట తిరగకముందే దిగే ఊరు కొల్చారం. కాళిదాసు కావ్యాలు మూడింటికి సంజీవని రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కోలాచలం ఆ ఊరిదే. భారవి మీద ఘంటాపథం, మాఘుడి మీద సర్వంకష కూడా ఆయన చేతివే. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మొదట్లోనే ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆయన గడ్డ మీద ముప్పై ఏళ్లు పిల్లలచేత ప్రతిపదార్థాలు బట్టీ పట్టించి రిటైరైన నాకు, సొంతంగా ఒక వ్యాఖ్య రాద్దామంటే మూలమే కరువైంది. ఉన్నవాటన్నిటికీ ఎవరో ఒకరు రాసేశారు. పోయిన కార్తీకంలో దొరికింది, మా ఇంటావిడ ఫోన్లో.

పాతచీరలు అమ్మే వాట్సాప్ గ్రూపులో ఆమె పెట్టిన ప్రకటన, దాని వెనక పదకొండు రోజులు నడిచిన వాదోపవాదం, ఇదీ గ్రంథం. కొన్నావిడది తెనాలి వైపు. పేరుతో పని లేదు, ఇకమీదట ఆమెను ‘క్రేత’ అంటాను. మా ఆవిడ ‘మూలకర్త్రి’. ఈ వ్యాఖ్యకు ‘కొంగుముడి’ అని పేరు. డబ్బు ముడేసుకునేది అక్కడే, విప్పాలంటే చెయ్యి రానిదీ అక్కడే.

మూలము

“హాయ్ సిస్టర్స్. గొల్లభామ కాటన్ చీర. మా మెదక్ జిల్లా స్పెషల్. ఒక్కసారే కట్టినది. రామా గ్రీన్. కండిషన్ సూపర్. 850 ప్లస్ షిప్పింగ్. నో రిటర్న్ నో ఎక్స్చేంజ్. ఓపెనింగ్ వీడియో మస్ట్.”

ప్రతిపదార్థము

హాయ్ = మంగళాచరణము. సిస్టర్స్ = ఓ తోబుట్టువులారా; డబ్బు వేసేది ఒకతే అయినా పిలుపు అందరికీ గనుక బహువచనం.

మా మెదక్ జిల్లా = ఇక్కడ క్రేత మొదటి ఆక్షేపణ చేసింది. గొల్లభామ చీర సిద్దిపేటది, సిద్దిపేట వేరే జిల్లా, ఫోన్లో చూశాను అని. నిజమే. కాని సిద్దిపేట మెదక్ నుంచి విడిపోయింది 2016 అక్టోబరు 11న. ఈ చీర సిద్దిపేటలో కొన్నది 2014లో. కొన్ననాటికి అది మా జిల్లా చీరే. జిల్లా చీలింది గాని చీర చీలలేదు గదా అని మూలకర్త్రి జవాబు. ఆక్షేపణ వీగిపోయింది.

ఒక్కసారే = ఏకారం అవధారణార్థకం, అంటే రెండోసారి లేనే లేదని. విచారించగా తమ్ముడి పెండ్లికొకసారి, బోనాలకొకసారి, బతుకమ్మకు రెండుసార్లు కట్టినట్టు తేలింది. “ఎప్పుడు కట్టినా ఒక్కసారే కట్టిన గదా, ఒక్క దినం రెండుసార్లు కడ్తరా ఎవరన్న?” అని ఆమె సమర్థన. వ్యాకరణం ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోలేదు, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

రామా గ్రీన్ = రాముడు నీలమేఘశ్యాముడు, గ్రీన్ అంటే ఆకుపచ్చ. నీలమో పచ్చో తేలనప్పుడు బట్టల దుకాణాలవాళ్లు రాముణ్ణి సాక్ష్యానికి పిలుస్తారు. ఒక ఫోన్లో తీసిన రంగు ఇంకో ఫోన్లో అదే రంగుగా కనబడదు. ఫోన్లు రాకముందే మన ఆడవాళ్లు వంగపండు రంగు, ఉల్లిపొర రంగు, గచ్చకాయ రంగు అంటూ చేతికందే వస్తువుల పేర్లు పెట్టారు. ఉల్లిపొర తెనాలిలోనూ ఉల్లిపొరే.

కండిషన్ = శ్లేష. బీరువాలోంచి తీసిన చీరకైతే ‘స్థితి’ అని. చట్టంలోకి వెళితే ‘షరతు’ అని. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ చెప్పేది ఇదే: వర్ణన చెప్పి అమ్మితే, సరుకు ఆ వర్ణనకు సరిపోవాలన్నది నోటితో అనకపోయినా ఉన్నట్టే లెక్కపడే కండిషన్. పాతదా కొత్తదా అన్న తేడా అందులో లేదు. చీరకు ఏళ్లు పడవచ్చు, చెప్పిన మాటకు పడవు.

సూపర్ = మీమాంసకులు అర్థవాదమంటారే, అది. పొగడ్త, ప్రమాణం కాదు. ‘సూపర్ అన్నారు, లేదు’ అని ఎవరూ కేసు గెలవరు. ‘ఒక్కసారే’, ‘కాటన్’, ‘గొల్లభామ’ అర్థవాదాలు కావు. అమ్మేవాళ్లకు తగవులు వచ్చేది వీటి దగ్గరే. వాళ్లు మాత్రం ‘సూపర్’ రాసేటప్పుడు జంకుతారు, ‘ఒక్కసారే’ రాసేటప్పుడు జంకరు.

మూలము (ఉత్తరభాగము)

“సిస్ పార్సిల్ వచ్చింది, థాంక్యూ.”
“మేడమ్ కొంగులో మూడో గొల్లభామ నెత్తి మీద కుండ లేదు.”
“చూడండి మేడమ్, డబ్బులు వాపస్ వేయండి.”

విశేషము: ‘సిస్’ నుంచి ‘మేడమ్’కు ఒక్క రాత్రి. ‘మేడమ్’ ముందు ‘చూడండి’ చేరడానికి రెండు పూటలు. ‘చూడండి’ అన్నప్పుడు చూడవలసిందేమీ ఉండదు, వినవలసింది ఉంటుంది. అమ్మేవాళ్లు ఈ పిలుపుల మార్పు కనిపెట్టి ఉండాలి. ‘మేడమ్’ దశలో వందో రెండొందలో తగ్గిస్తే తెమిలే తగవు, ‘చూడండి’ దశలో మొత్తం అడుగుతుంది.

పాఠాంతరము: మూలకర్త్రి టైపు చేసిన పాఠం, “అలాంటిదేమీ లేదండీ, ఓపెనింగ్ వీడియో పంపండి.” నేను స్వయంగా విన్న మౌఖిక పాఠం, “కుండ లేకుంటే నడ్వరాదా ఆ పిల్లకు? దించి పక్కన పెట్టిందనుకోరాదు!” సంపాదకుడిగా నేను మౌఖిక పాఠాన్నే ప్రాచీనమని భావిస్తున్నాను.

పూర్వపక్షము

ఇక అసలు విచారం. తర్కశాస్త్రం చదివినవాడెవడికైనా ఇక్కడ ఒళ్లు పులకరిస్తుంది. మన తార్కికులు వేలయేళ్లుగా ఉదాహరణ చెప్పవలసి వస్తే రెండే వస్తువులు చూపారు, ఘటం, పటం. కుండ, గుడ్డ. అభావం అంటే లేకపోవడం అన్నదాన్ని వివరించడానికి వాళ్లకు దొరికిందీ కుండే, ‘నేల మీద కుండ లేదు’ అని. పటం మీద ఘటం లేకపోవడమనే సన్నివేశం వాళ్లకు తట్టలేదు. మా ఇంటికి వచ్చింది.

అభావం నాలుగు విధాలు. ప్రాగభావమైతే ఆ కుండ అసలు నేయలేదు, తప్పు మగ్గానిది. ప్రధ్వంసాభావమైతే ఉండి పోయింది, అప్పుడు ఎప్పుడు పోయిందన్నది ప్రశ్న. అత్యంతాభావమంటే మూడు కాలాల్లోనూ లేకపోవడం. అప్పుడిది గొల్లభామ చీరే కాదు, డూప్లికేటు. అన్యోన్యాభావమంటే ఇది అది కాకపోవడం. పంపిన చీర వేరు, క్రేత ఫొటో తీసిన చీర వేరు. ఆన్‌లైన్‌లో పాతబట్టలు అమ్మేవాళ్లకు వచ్చే ఫిర్యాదులన్నీ ఈ నాలుగు గదుల్లో ఏదో ఒకదాంట్లో పడతాయి. గది తేలకముందే ‘అబద్ధం’, ‘మోసం’ అన్న మాటలు వస్తాయి గనుక తగవు చెడుతుంది.

గొల్లభామ అల్లిక సంగతి తెలిస్తే గది తేలుతుంది. నెత్తిన కుండతో నడిచే ఆ బొమ్మ అచ్చు వేసింది కాదు, కుట్టిందీ కాదు. మామూలు పేకతో పాటు రంగు పోగులు అదనంగా వేసి మగ్గం మీదే నేస్తారు. ఆ అదనపు పోగులు గాజుకో, పిన్నీసుకో, మెట్టెకో తగిలితే లేస్తాయి. లేచిన పోగును లాగినా కత్తిరించినా బొమ్మలో ఆ ముక్క మాయమవుతుంది, చీరకు చిరుగు పడదు. కనుక ఇది ప్రధ్వంసాభావం. బోనాల నాడు పోయిందా, కొరియర్‌లోనా, తెనాలిలో పార్సిల్ విప్పేటప్పుడు బ్లేడు తగిలా?

ప్రత్యక్ష ప్రమాణం కోసం ఫొటోలు చూశాను. చీరను మా డాబా పిట్టగోడ మీద ఆరేసి తీసినవి నాలుగు. నాలుగింటిలోనూ వెనక 1924లో ప్రతిష్ఠ జరిగిన మా మెదక్ చర్చి శిఖరం, 175 అడుగులదీ, శిలువతో సహా స్పష్టంగా ఉంది. కొంగు మాత్రం మడత కింద ఉంది. మూడో గొల్లభామ ఆ మడతలో ఉంది. చర్చిని అమ్మితే ఎవరూ వంక పెట్టలేని ఫొటోలు.

క్రేత పంపిన ఓపెనింగ్ వీడియో 58 సెకన్లు. షరతు ప్రకారం కట్ లేదు, పాజ్ లేదు. కొంగూ లేదు. చీర సగం విప్పి, వాసన చూసి, “కలరా ఉండల వాసన వస్తోందే” అని ఎవరితోనో అనడంతో ముగుస్తుంది. ఇరుపక్షాల ప్రమాణాలూ ఒకే చోట గుడ్డివి. అమ్మినావిడ చూపలేదు, కొన్నావిడ చూడలేదు, కుండ మాత్రం లేదు.

ఇక్కడ మా చిన్నప్పటి స్టీలు గిన్నెల ఆమె గుర్తొస్తుంది. పాతబట్టలకు గిన్నెలిచ్చేది. మా అమ్మ ఇచ్చిన చీరను తీసుకోగానే వాకిట్లోకి వెళ్లి ఎండకెత్తి పట్టేది. పలచబడ్డచోట వెలుతురు పడేది. మడతల మీద బొటనవేలితో నొక్కి పిగిలిందేమో చూసేది. జరీ ఉంటే గీకి చూసేది. ఇంత చేసి, ఆరు చీరలకు ఒక చిన్న గంజు ఇస్తాననేది. అరగంట బేరం. ఒకసారి గంజు చేతికొచ్చాక మాత్రం వాపసు మాట ఇటునుంచీ లేదు, అటునుంచీ లేదు. ఎందుకంటే రెండు జతల కళ్లు ఒకే ఎండలో ఒకే చీరను చూశాయి. ఫోన్లో కొనేవాళ్లకు ఆ ఎండ లేదు, అమ్మేవాళ్ల మాటే ఎండ. ‘మూడో బొమ్మకు కుండ లేచిపోయింది, ఫొటోలో గీత గీశాను’ అని ఒక ముక్క రాసి ఉంటే చీర 700కు పోయేది, ఈ గ్రంథం పుట్టేది కాదు. మల్లినాథుడి ఒట్టులో మొదటి సగం చాలు పాతచీర అమ్మడానికి. రెండో సగం, అక్కరలేనిది చెప్పకపోవడం, చర్చి ఫొటోలకు వర్తిస్తుంది.

సిద్ధాంతము

‘నో రిటర్న్’ అనే నిషేధవాక్యం ఎంతవరకు చెల్లుతుంది? నచ్చలేదు, మా అత్తగారికి రంగు నప్పలేదు, అంటే చెల్లుతుంది. చెప్పినదొకటి వచ్చినదొకటి అయితే చెల్లదు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు, ఆన్‌లైన్ వేదికల మీద అమ్మేవాళ్లు లోపమున్న సరుకునో, ప్రకటించిన లక్షణాలు లేని సరుకునో వెనక్కి తీసుకోననరాదన్నాయి. 2019 వినియోగదారుల చట్టమైతే, లోపమున్నదాన్ని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకుంటే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడాన్ని అనుచిత వ్యాపారంలో చేర్చింది.

“నేనేమన్న వ్యాపారం చేస్తున్ననా? ఇంట్ల చీరలు అమ్ముకుంటున్న,” అని మూలకర్త్రి. మంచి ప్రశ్నే. ఆ నియమాలే ఒక మినహాయింపు ఇచ్చాయి: మనిషి సొంత హోదాలో చేసేది, క్రమం తప్పకుండా గానీ పద్ధతి ప్రకారం గానీ సాగే వ్యాపారంలో భాగం కానిది అయితే వర్తించవు. ఇక్కడ ‘గానీ’ వికల్పం. రెంటిలో ఒకటి ఉన్నా చిక్కే. దసరా నుంచి ఆమె అమ్మినవి 23 చీరలు. అందులో మా బీరువావి తొమ్మిది. తక్కినవి వదినెవి, పక్కింటామెవి, ఎదురింటి కోడలివి, చీరకు యాభై కమిషన్. తొమ్మిదో చీర దాకా ఆమె గృహిణి. పదోదాని నుంచి నాకు ఖాయంగా తెలియదు, ఆమెకు తెలియాలనీ లేదు. మినహాయింపు దొరికినా 1930 చట్టం మాత్రం వదలదు.

ఆ 1930లో ఇంకో శ్లేష ఉంది. సైబర్ మోసాలకు ఫోన్ చేయవలసిన నంబరూ అదే. వినియోగదారుల ఫిర్యాదులకైతే 1915. ఎదురింటి కోడలు ఒక చీరకు వాపసు అడిగితే అవతలివాడు క్యూఆర్ కోడ్ పంపి, “స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ డబ్బులు మీకు పడతాయి” అన్నాడు. కొట్టింది, పోయాయి. పిన్ అనేది ఇవ్వడానికి తాళంచెవి, పుచ్చుకోవడానికి దానితో పని లేదు. ఆ పిల్ల తాళంచెవి చేతికిచ్చి వాకిట్లో నిలబడింది.

శేషము

లెక్క. చీర 850, పంపిన ఖర్చు 90. క్రేత అడిగింది 940, పైగా తిప్పి పంపే 90. మూలకర్త్రి ఇస్తానన్నది 150, చీర అక్కడే ఉంచుకోవాలి. “కుండకు నూట యాభై తక్కువనా? నిజం కుండే ఇరవైకొస్తది,” అన్నది నాతో. ఏడోనాడు రఫూ చేయిస్తే 200 అవుతుందని క్రేత ఫొటోతో సహా రాసింది. ఎనిమిదోనాడు గ్రూపు అడ్మిన్ కల్పించుకుని ‘సిస్టర్స్ ప్లీజ్’ అంది, దానికి ఇరుపక్షాలూ నమస్కారం బొమ్మలు పెట్టి అంతకు రెట్టింపు పట్టుదలతో పర్సనల్‌లోకి వెళ్లాయి. పదోనాడు నన్నడిగారు. పోయిన కుండ ఎవరి దగ్గర పోయిందో తేలనప్పుడు, చూపకుండా అమ్మినవాళ్లే భరించాలన్నాను. ఆ రాత్రి నాకు మజ్జిగ రాలేదు.

చివరికి కుదిరింది. చీర వెనక్కి రావాలి, రానూపోనూ ఖర్చు చెరొకటి, 850లో సగం వెంటనే, సగం చీర చూసుకున్నాక. 425 వెళ్లింది. ఐదోరోజున పార్సిల్ వచ్చింది.

ఇప్పుడు విప్పేది మేము గనుక ‘ఓపెనింగ్ వీడియో మస్ట్’ అన్న సూత్రం మాకే తగిలింది. ఫోన్ నా చేతికిచ్చింది. కట్ వద్దు, పాజ్ వద్దు అని మూడుసార్లు చెప్పింది. కత్తెర దగ్గరికి రావడం, టేపు తెగడం, చీర మడత మడతా విప్పడం, కొంగును డాబా మీద ఎండకెత్తి పట్టడం, గొల్లభామలను తల తలా లెక్కపెట్టడం, అన్నీ చేయి వణకకుండా పట్టాను. మూడో బొమ్మ దగ్గర ఆగింది, తల ఊపింది. ఆరో బొమ్మ దగ్గర మళ్లీ ఆగింది.

“ఇగో, ఇటు సూడుర్రి. దీనికి గూడ కుండ లేదు. ఇది మనింట్ల పోలేదు. వీడియో పెట్టుర్రి, చూద్దాం.”

ఫోన్ వైపు చూసుకున్నాను. ఎర్ర బొత్తాం నొక్కిన గుర్తు లేదు. అప్పుడు నొక్కాను. అప్పటికి కొంగు మళ్లీ మడత పడింది.

(ఇచ్చట గ్రంథపాతము.)