వైరస్‌కొచ్చిన చెడ్డపేరు

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ మొరాయిస్తే మొదటి ముద్దాయి వైరస్. రెండో ముద్దాయి కరెంటు. మూడోది, ఇంట్లో గేములాడే కుర్రాడు. ర్యామ్ పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కడా ఉండదు.

మా సిస్టమ్‌లో రోజూ బ్లూ స్క్రీన్ వస్తుంటే మా బావమరిది, "ఫార్మాట్ కొట్టు బావా" అన్నాడు. వాడి వైద్యశాస్త్రంలో ఉన్నది ఆ ఒక్క మందే. కొట్టాం. విండోస్ సగం ఎక్కి, ఫలానా ఫైలు పాడైందంది. పెన్‌డ్రైవ్ మార్చాం. ఈసారి ఇంకో ఫైలు పాడైందంది! పూటకో ఫైలు పేరు చెబుతోందంటే ఫైళ్ళు అమాయకులు, వాటిని మోసే ర్యామ్‌నే నిలదీయాలి.

పూర్తిగా పోయిన ర్యామ్ నయం, బీప్ బీప్‌మని అరిచి చెబుతుంది. అరకొరగా చెడిందే కొంప ముంచేది. 8 జీబీ స్టిక్‌లో దాదాపు 6,870 కోట్ల బిట్లుంటాయి. ఒక్కోటీ ఒక బుల్లి కెపాసిటర్. కారిపోయే ఛార్జిని 64 మిల్లీసెకన్లకోసారి మళ్ళీ నింపుతుండాలి. వేడెక్కితే ఇంకా తొందరగా కారుతుంది, మన మే నెల సంగతి చెప్పేదేముంది! బిట్టు తప్పితే ఏమవుతుందంటారా? 2003లో బెల్జియం ఎన్నికల్లో ఒక అభ్యర్థికి ఉన్నట్టుండి 4,096 ఓట్లు ఎక్కువొచ్చాయి. ఎక్కడో ఒక్క బిట్టు తిరగబడి ఉంటుందని నిపుణులు తేల్చారు. ఇంత పొదుపైన రిగ్గింగ్ మన నాయకులకి కలలో కూడా తట్టదు.

మా సిస్టమ్‌ని పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పట్టుకెళ్ళాను. సీటీసీ అంటేనే ఆటోవాళ్ళకి తెలుస్తుంది. షాపు కుర్రాడు స్టిక్ ఊడదీసి, బడిపిల్లల రబ్బరుతో దాని బంగారురంగు పళ్ళు తోమాడు. నవ్వకండి, ఆ పళ్ళకి పట్టిన పొర వదిలితే చాలా సిస్టమ్‌లు లేచి కూర్చుంటాయి. మాది లేవలేదు.

అప్పుడు మెమ్‌టెస్ట్86 పెట్టాడు. 1994లో క్రిస్ బ్రేడీ రాసిన ప్రోగ్రామిది. విండోస్‌ని లేపకుండానే ర్యామ్ అంతటా రాసి, రాసింది తిరిగి అప్పజెప్పమంటుంది. తేడా వస్తే ఎర్రగీత. మా తెర మీద గీతలే గీతలు. స్టిక్‌లు ఒక్కొక్కటే మార్చి చూశాడు. ఏ స్లాట్‌లో పెట్టినా అదే స్టిక్ తప్పుతోంది కాబట్టి బోర్డు నిర్దోషి.

"లైఫ్‌టైమ్ వారంటీ అని స్టిక్కరుంది కదయ్యా!" అన్నాను ఆశగా.

"ఉంది సార్. బిల్లుందా?"

బిల్లు కూడా తీసి చూపించాను. కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి, "లైఫ్‌టైమ్ అంటే మీది కాదు సార్, ఈ మోడల్‌ది. ఇది రావట్లేదిప్పుడు" అన్నాడు.