కోనేటి అడుగు శుభ్రం చేయు విధానం

కోనేటి చెత్త మూడు రకాలు: తేలేది, కరిగేది, మునిగేది. తేలేది అందరి కళ్లా పడుతుంది కనుక దాన్ని తీసినవారికి పేరొస్తుంది. కరిగేది ఎవరికీ కనబడదు కనుక దాని సంగతి చేపలు చూసుకుంటాయి. మునిగేది ఎండాకాలం నీళ్లు దిగేదాకా మర్యాదగా అడుగున దాగి ఉంటుంది. దాన్ని తీసే పద్ధతి తెలుసుకోవడానికి తిరువళ్లూరు వీరరాఘవస్వామి ఆలయపు హృత్తాపనాశిని, తిరుత్తణి కొండ దిగువన ఉన్న శరవణ పొయ్‌గై మంచి ఉదాహరణలు.

పరికరాలు: అమెరికా పెరళ్లలో నేల మీద నిలబెట్టే ఈత తొట్లకు లోతు సుమారు నాలుగడుగులు, అడుగున వినైల్ షీటు ఉంటాయి. వాటిని శుభ్రం చేయడానికి పొడవాటి కర్రకు పీల్చే గొట్టం తగిలించి అడుగు పొడవునా మెల్లగా జరుపుతారు. తొందరపడితే మడ్డి లేచి నీళ్లన్నీ కలకబారతాయి, మళ్లీ పేరుకునేదాకా ఆగాలి. ఈ నియమం కోనేటికీ పనికొస్తుంది. తక్కినవి పనికిరావు, ఎందుకంటే ఆ తొట్టిలోకి ఎవరూ బెల్లం పట్టుకుని దిగరు. కోనేటికి వలబుట్ట, పార, తట్ట, ఆయిల్ ఇంజను, పాతాళగరిగె కావాలి. బావిలో జారిన బిందెల కోసం పుట్టిన పాతాళగరిగెకు కోనేట్లో బిందెలు తగలవు. స్నానాలు చేసి విడిచిన బట్టలు తగులుతాయి.

ముహూర్తం: తిరువళ్లూరులో అమావాస్యకు భక్తులు కోనేట్లో పాలు, బెల్లం వేస్తారు. బెల్లం కరిగినట్టే రోగం కరుగుతుందని నమ్మకం. స్వామిని వైద్య వీరరాఘవుడని కొలుస్తారు. ఉప్పు, మిరియాలు కూడా సమర్పిస్తారు. తమిళుల తై అమావాస్యకు, అంటే తెలుగువారి పుష్య అమావాస్యకు, రద్దీ మరీ ఎక్కువ. తిరుత్తణిలో ఆడికృత్తికకు పూలకావళ్లు తరలివస్తాయి, మూడు రోజులు తెప్పోత్సవం జరుగుతుంది. కాబట్టి శుభ్రం చేయడానికి పండగ ముందురోజు శ్రేష్ఠం. మర్నాటి సరుకుకు చోటు సిద్ధంగా ఉంటుంది.

బాధ్యత: తిరువళ్లూరు ఆలయం అహోబిల మఠం నిర్వహణలో ఉంది, తిరుత్తణి ఆలయం తమిళనాడు దేవాదాయ శాఖ కింద ఉంది. చెత్త వేసేవారు ఎవరి నిర్వహణలోనూ లేరు. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి, రాష్ట్రాల సరిహద్దు తేల్చిన పటాస్కర్ సూత్రం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఊళ్లను పంచుకోవడానికి సూత్రం దొరికింది గానీ చెత్తను పంచుకోవడానికి దొరకలేదు. నగరి, పుత్తూరు వైపు నుంచి కావడి ఎత్తుకొచ్చినవారి పూలదండ, చెన్నై నుంచి వచ్చినవారి షాంపూ ప్యాకెట్టు నీళ్లలో సరిహద్దు తగాదా లేకుండా సర్దుకుపోతాయి.

మొదటి దశ, తేలేది తీయడం: ఇది పొద్దున్నే, కెమెరా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టాలి. పూలు నాని మునిగేలోపు వలబుట్టతో లాగాలి. ఆలస్యమైతే అవి మూడో రకంలో చేరి ఫొటోకు అందవు.

రెండో దశ, కరిగినది: దీనికి పార పనికిరాదు. నీటిలోని సూక్ష్మజీవులు బెల్లాన్నీ పాలనూ తింటూ, నీళ్లలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడేస్తాయి. అది తెల్లవారుజాముకు మరీ పడిపోతుంది కనుక చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. వాటికి ఆకలేస్తోందని గ్రహించి బొరుగులు వేయాలి. తినగా మిగిలినవి కుళ్లి ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేస్తాయి, చేపలు మరింత ఆకలిగా కనిపిస్తాయి.

మూడో దశ, పటిక వేయడం: పటిక నీళ్లలో తిరిగే మట్టిని ముద్దలు చేసి కిందికి దింపుతుంది. పైన నీళ్లు తేటపడతాయి, అడుగున మడ్డి పెరుగుతుంది. పని పూర్తయిందని ప్రకటించడానికి ఇదే అదను.

నాలుగో దశ, పూడికతీత: ఈ ప్రాంతానికి ప్రధానమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. నీళ్లు తోడి అడుగు ఎండబెట్టడానికి ఏప్రిల్, మే నెలలు అనువైనవి. అందువల్ల అంచనాలు సెప్టెంబరులో వేయించాలి. సగం పనిలో వాన పడితే మిగతా సగం కనబడదు.

తీసిన ఒండ్రు పొలాలకు సత్తువ. వెనక ఊరివాళ్లే చేరి చెరువులు బాగుచేసుకునే కుడిమరామత్తు పద్ధతి ఉండేది. ఆ పేరుతోనే తమిళనాడు ప్రభుత్వం 2017లో చెరువుల మరమ్మతు పథకం పెట్టింది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ పూడికమట్టిని రైతులు తోలుకెళ్లారు. కోనేటి మట్టిని పొలానికి పంపాలంటే ముందు కవర్లు ఏరాలి. ఆ శ్రమ వద్దనుకుంటే గట్టు మీదే పోగుపెడితే సరి. తొలి వానకే కూలీ అడగకుండా తిరిగి కోనేట్లోకి దిగుతుంది.

ఎంత లోతు తవ్వాలన్నది మరో ప్రశ్న. అడుగునుండే బంకమట్టి పొరే నీరు ఇంకిపోకుండా పట్టి ఉంచుతుంది. దాన్నీ ఎత్తిపోస్తే కోనేరు నిలవదు, ఆపైన చెత్త తీయడం చాలా తేలిక. లేదా అడుగంతా కాంక్రీటు పరవవచ్చు. ఊడ్చుకోవడానికి నున్నగా ఉంటుంది, చుట్టుపక్కల బావులకు ఊట తగ్గుతుంది.

చివరి దశ, నిర్వహణ: మెట్ల పైన చెత్తతొట్టి ఉంచాలి. బట్టలు విడవడానికి గట్టు మీద చోటు చూపాలి. బెల్లం చిటికెడు చాలు. రోగం కరగడానికి బస్తా కావాలని నమ్మకంలో లేదు, కవరు కూడా కరుగుతుందని అసలే లేదు. ఈ దశ ఒక్కటి పాటిస్తే పై దశల్లో చాలావాటితో పని ఉండదు. అందుకే దీన్ని చివర రాయడం ఆనవాయితీ.