వంకర ఇంటి ఆత్మకథ

నార్వే పడమటి తీరంలో బెర్గెన్ నగరం. ఆ నగరం నడిబొడ్డులోకి చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయ పేరు వోగెన్. ఆ నీటికి ఎదురుగా కోసుగా తేలిన కప్పులతో ఎరుపు, పసుపు, తెలుపు రంగుల చెక్క ఇళ్లు భుజం భుజం కలిపి నిలబడి ఉంటాయి. ఆ వరుసను బ్రిగ్గెన్ అంటారు. ఈ కథ చెప్పుకుంటున్నది ఆ వరుసలోని ఒక ఇల్లే. కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది. ఫొటోలు తీసుకునేవాళ్లకు ఆ ఒరుగంటేనే మోజు.

ఆత్మకథ అన్నాక ‘నేను’ అంటూ మొదలుపెట్టాలి. ఈ ఇంటికి ఆ ధైర్యం చాలదు. కప్పు ఒక శతాబ్దానిది, గోడ మరో శతాబ్దానిది, పునాదిలోని దుంగల్లో కొన్ని నిన్నగాక మొన్న వేసినవి. వీటిలో ఏది ‘నేను’ అని లేచి నిలబడాలి? అందుకే ఇది తనను తాను ‘ఈ ఇల్లు’ అనే పిలుచుకుంటుంది.

వయసు అడిగితే రెండు లెక్కలు చెబుతుంది. చెక్కను బట్టి చూస్తే 1702 తర్వాత పుట్టింది. ఆ ఏడాది మే నెలలో రేగిన మంట బ్రిగ్గెన్‌ను నేలమట్టం చేసి, ఊళ్లో చాలా భాగాన్ని బూడిద చేసింది. స్థలాన్ని బట్టి చూస్తే మాత్రం అప్పటికే దాని వయసు అయిదు వందల ఏళ్ల పైమాటే. 1198లో కాలింది, 1248లో కాలింది, 1476లో కాలింది. కాలిన ప్రతిసారీ జనం పాత హద్దుల మీదే, పాత పద్ధతిలోనే మళ్లీ కట్టుకున్నారు. ముందు రేవు, అక్కడి నుంచి లోపలికి ఒక ఇరుకు సందు, సందుకు అటూ ఇటూ బారుగా ఇళ్లు. కాలిన శిథిలాలనూ ఊరి చెత్తనూ నీళ్లలోకి నెట్టి, పైన కొత్త రేవు కట్టేవారు. అలా ఒడ్డు ముందుకు జరుగుతూ పోయింది. ఈ ఇల్లు నిలబడ్డ చోట ఒకప్పుడు పడవలు ఆగేవి.

ఇంతసార్లు కాలినా వదలకుండా కట్టారంటే డబ్బున్న చోటు కాబట్టే. ఆ డబ్బు చేపది. ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో చలికాలం పట్టిన కాడ్ చేపలను కర్రల పందిళ్ల మీద వేలాడదీసేవారు. ఉప్పు తగలకుండా, వట్టి చలిగాలికే అవి ఎండి కర్రల్లా బిగుసుకుపోయేవి. ఏళ్ల తరబడి పాడయ్యేవి కావు. ఉపవాసపు రోజుల్లో మాంసం ముట్టని యూరప్ క్రైస్తవులకు ఆ చేప అపురూపం. జర్మనీలోని ల్యూబెక్ వంటి రేవుల వర్తకులు, హాన్సా సంఘంవాళ్లు, 1360 ప్రాంతంలో ఇక్కడ ‘కొంటోర్’ అనే వర్తక స్థావరం పెట్టి ఆ వ్యాపారాన్ని గుప్పిట్లోకి తెచ్చుకున్నారు. వాళ్లు ధాన్యం తెచ్చేవారు, చేప పట్టుకుపోయేవారు. ఉత్తరాది జాలరులు ధాన్యం అప్పుగా తీసుకుని మరుసటేడు చేపతో తీర్చేవారు. తీర్చగా మిగిలిన బాకీ వాళ్లను మళ్లీ అదే వర్తకుడి గుమ్మానికి రప్పించేది. ఈ ఇంటి సంపదలో సగం ఆ ఖాతాల్లోనే ఉండేది.

ఇంట్లో ఉండేవాళ్లంతా మగవాళ్లే. కొంటోర్‌లో ఉన్నన్నాళ్లూ పెళ్లి చేసుకోకూడదని కట్టుబాటు. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు తలుపులున్న అరల్లాంటి పడకల్లో ముడుచుకుని పడుకునేవారు. ఎముకలు కొరికే చలిలోనూ ఇంట్లో కుంపటి మాట ఎత్తడానికి వీల్లేదు, ఎందుకంటే నిప్పు భయం. వెచ్చదనం కావాలన్నా, వేడివేడిగా తినాలన్నా వెనక విడిగా కట్టిన ఉమ్మడి సావళ్లకు పోవాల్సిందే. వాటి పేరు షోట్‌స్టూవెనె. చదువు, భోజనం, బీరు, పంచాయతీ అన్నీ అక్కడే. విలువైన సరుకును ఇంకా వెనక రాతి గదుల్లో దాచేవారు. ఇన్ని జాగ్రత్తలు పడ్డా 1702 రానే వచ్చింది.

ఆదివారం ప్రార్థనకు దగ్గర్లోని మరియా చర్చి ఉండేది. పన్నెండో శతాబ్దపు రాతి కట్టడం, బెర్గెన్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న భవనాల్లో అన్నిటికంటే పాతది. 1408 నుంచి 1766 దాకా అది జర్మన్ల చేతిలోనే ఉంది. కొంటోర్ మాత్రం 1754లోనే మూతపడింది. నార్వే వర్తకులు లెక్కల బల్లల దగ్గర కూర్చున్నారు. చేప వాసన మారలేదు.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఊరికి పాత చెక్క ఇళ్లంటే నామోషీ పట్టుకుంది. వరుసలో దక్షిణపు సగాన్ని పడగొట్టి ఇటుకతో కట్టారు. కోసు కప్పుల రూపం మాత్రం పోలికగా మిగిల్చారు. ఈ ఇల్లు ఉత్తరపు సగంలో ఉండబట్టి బతికిపోయింది.

1944 ఏప్రిల్ 20 ఉదయం. నార్వే అప్పుడు జర్మన్ సేనల ఆక్రమణలో ఉంది. పేలుడు పదార్థాలతో నిండిన ‘వోర్బోడె’ అనే డచ్ ఓడ వోగెన్‌లో పేలిపోయింది. నూట యాభై మందికి పైగా చనిపోయారు. ఓడ లంగరు ఒకటి ఎగిరి, నాలుగు వందల మీటర్ల పైచిలుకు ఎత్తున్న కొండ మీద పడింది. రేవు మొగలో, హోకోన్ హోకోన్సన్ రాజు పదమూడో శతాబ్దంలో కట్టించిన రాతి సభామందిరం హోకోన్స్‌హాలెన్ కప్పు కాలిపోయింది. పక్కనున్న రోసెన్‌క్రాంట్స్ బురుజు చితికిపోయింది. ఈ వరుసలో కప్పులు లేచిపోయాయి, గోడలు కదిలాయి. రెండు రాతి కట్టడాలనూ తరవాత ఓపిగ్గా బాగుచేశారు. ఇప్పుడు ఊరి నడుమ చూడవలసినవాటిలో అవీ ఉన్నాయి.

పదకొండేళ్లకు, 1955 జులైలో, మళ్లీ మంట. ఈసారి ఉత్తరపు చివర ఇళ్లు ఎన్నో పోయాయి. అయితే ఆ బూడిద కింద ఊరి చరిత్ర బయటపడింది. ఆస్బ్యోర్న్ హెర్టైగ్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి అక్కడ తవ్వించాడు. కాలినప్పుడల్లా నేలలో మిగిలిన నల్లటి పొరలే అతనికి పంచాంగం. ఏ మంట ఏ సంవత్సరానిదో తెలిస్తే, రెండు పొరల మధ్య దొరికిన వస్తువు కాలం తేలిపోతుంది. ఈ ఇంటి పూర్వజన్మలను కాల్చిన మంటలే వాటికి తేదీలు వేసిపెట్టాయన్నమాట. రూన్ లిపి చెక్కిన పుల్లలు ఆరు వందలకు పైగా దొరికాయి. సరుకు ఎవరిదో చెప్పే చీటీలు, ఉత్తరాలు, ప్రార్థనలు, ప్రేమ మాటలు, బూతులు, అన్నీ వాటి మీద ఉన్నాయి. చదవడం రాయడం పూజారులకూ దొరలకూ మాత్రమే పరిమితమన్న అభిప్రాయాన్ని ఆ పుల్లలు తల్లకిందులు చేశాయి. వాటిని చూడాలంటే, తవ్విన చోటే 1976లో తెరిచిన బ్రిగ్గెన్ మ్యూజియంకు వెళ్లాలి.

1979లో బ్రిగ్గెన్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటికి మిగిలిన చెక్క కట్టడాలు అరవై పైచిలుకు. గౌరవం దక్కింది కానీ కొత్త జబ్బు మొదలైంది. ఈసారి శత్రువు నిప్పు కాదు, నీళ్లు లేకపోవడం. వానకు పేరుపడ్డ ఊళ్లో ఈ మాట వింతగా ఉంటుంది. 2006 అక్టోబరు చివర మొదలైన వాన 2007 జనవరి దాకా వరసగా 85 రోజులు కురిసిన ఊరిది. కానీ పునాది దుంగలు, వాటి కింది పాత చెత్త పొరలు నీళ్లలో మునిగి ఉన్నంతకాలం గాలి తగలక చెక్కుచెదరవు. పక్కన ఆధునిక నిర్మాణాలు వచ్చాక భూగర్భ జలం అటు ఇంకిపోయింది. మట్టిలోకి గాలి చొరబడి పొరలు కుళ్లసాగాయి, నేల కుంగింది. ఫొటోల్లో ముచ్చటగా కనిపించే ఒరుగులో కొంత ఆ కుంగుబాటు పుణ్యమే. నీటిమట్టాన్ని కొలిచి, వాననీటిని మురుగు కాల్వలకు పోనివ్వకుండా నేలలోకే ఇంకించే ఏర్పాట్లు చేశాక కుంగడం బాగా తగ్గింది. ఇళ్ల మధ్య పచ్చిక పట్టిన పల్లాలు కనిపిస్తే వాటిని అందం కోసం అనుకోకండి. అవి ఈ ఇంటికి నీళ్లు తాగించే గొట్టాలు.

చూడవచ్చేవాళ్లకు ఈ ఇల్లు చెప్పే దారి ఇది. ముందువైపు దుకాణాల దగ్గర ఆగిపోకుండా సందులోకి నడవండి. పైకి చూస్తే సరుకు లాగిన గిలకలు, పక్కకి వంగిన వసారాలు కనిపిస్తాయి. చివర రాతి గదులు, ఆపైన మరియా చర్చి. వెనక్కి వచ్చి రేవు వెంట నడిస్తే పాయ కొసన చేపల బజారు. అక్కడికి దగ్గర్లోనే 1918 నుంచి నడుస్తున్న ఫ్లోయ్‌బానెన్ కొండ రైలు ఉంది. తీగకు కట్టిన రెండు పెట్టెల్లో ఒకటి దిగుతూ మరొకదాన్ని పైకి లాగుతుంది, నడుమ దారిలో ఎదురుపడి తప్పుకుంటాయి. కొద్ది నిమిషాల్లో 320 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అక్కణ్నించి రేవు మొత్తం కనిపిస్తుంది, ఈ ఇల్లు మాత్రం కప్పుల గుంపులో కలిసిపోతుంది.

కిందికి దిగాక వడ్రంగులు పనిచేస్తున్న ఇల్లు ఏదైనా ఉందేమో వెతకండి. వాళ్లు దుంగ మొత్తాన్ని తీసిపారేయరు. పాడైన మేరకే కోసి, గొడ్డలితో చెక్కిన కొత్త ముక్కను పాతదానికి అతుకుతారు. మూలల్లో దుంగలను ఒకదానిలో ఒకటి కూర్చే పద్ధతి 1702 తర్వాత కట్టినవాళ్లదే. తెల్లటి కొత్త చెక్క, నల్లబడ్డ పాత చెక్క పక్కపక్కన స్పష్టంగా తెలుస్తాయి. అది చూడ్డానికి టిక్కెట్టు అక్కర్లేదు.