కోయి మాస్టారు

కశింకోటలో పెరటి తొట్టెలో కోయి చేపలు పెంచే రిటైర్డ్ ఉద్యోగిని వీధి వీధంతా మాస్టారనే పిలుస్తుంది. ఆయన కొలువు రెవెన్యూలో అయినా, రైల్వేలో అయినా సరే. తొట్టె దగ్గర నిలబడ్డవారెవరూ పాఠం వినకుండా గేటు దాటలేరు మరి. పాఠం ఎప్పుడూ ఒకటే: చేపకి రంగు ఎలా వస్తుంది?

మేతతో వస్తుందంటారు మాస్టారు. అందులో సగం నిజం. ఎరుపు, పసుపులకు మూలమైన కెరోటినాయిడ్లను చేప తన ఒంట్లో తయారు చేసుకోలేదు, తిండిలోంచి రావాల్సిందే. స్పిరులినా, రొయ్య పొట్టు, బంతి రేకులు ఇందుకే వాడతారు. దేవుడికని తెచ్చిన బంతిపూలలో సగం తొట్టె పాలవడమూ ఇందుకే. రెండో సగం మేత సంచి మీద రాయరు. నలుపుకి కారణం మెలనిన్. దాన్ని చేపే తయారు చేసుకుంటుంది. తెలుపుకి మేతవల్ల కీడే ఎక్కువ: కెరోటినాయిడ్లు మితిమీరితే తెల్లటి ఒళ్లు పచ్చబడుతుంది. అనకాపల్లి బెల్లం దిమ్మ చూడగానే రంగు కోసం వేసే హైడ్రోస్ మందు పడిందో లేదో తేల్చేసే మాస్టారు, ఈ పచ్చదనాన్ని మాత్రం 'మేలిమి ఛాయ' అంటారు.

తొట్టె సంగతి ఇంకా ఘోరం. బాత్రూముకి వేయగా మిగిలిన తెల్ల టైల్సన్నీ అక్కడే అతికించారు. చుట్టూ లేత రంగుంటే చేప చర్మకణాల్లోని నల్ల రేణువులు ముడుచుకుపోతాయి, చేప వెలిసినట్టు కనిపిస్తుంది. ముదురు రంగు గోడల మధ్య అవే విచ్చుకుంటాయి. పైగా తొట్టె మోకాలి లోతే. మే నెలలో నీళ్లు కాగి ఎరుపు కాస్తా నారింజలోకి దిగుతుంది. లోతు పెంచి, సగానికి గ్రీన్ నెట్ కడితే సరిపోయేదానికి మాస్టారు రంగు పెంచే మందు సీసా తెస్తారు. చేపకి మంచి రంగునిచ్చే పాచిని ఆదివారం వస్తే చాలు, బ్రష్షు పెట్టి తోమేస్తారు.

అసలు రంగు వంశంలో ఉంది. జపాన్‌లోని నీగాతా కొండపల్లెల రైతులు 19వ శతాబ్దం నుంచి ఏరి ఏరి జతకట్టించిన చేపలివి. 1914 టోక్యో ప్రదర్శనతో పేరుకెక్కాయి. వీటిలో కోహాకు రకమంటే తెలుపు మీద ఎరుపు, సాంకేకి పైన నలుపు మచ్చలు అదనం. మేలైన జతకి పుట్టిన వేల పిల్లల్లోనూ ఉంచుకోదగ్గవి కొద్దే. కూతురి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసిన మాస్టారు, చేపపిల్లని కొనేటప్పుడు తల్లిదండ్రులెవరని ఒక్క మాటైనా అడగలేదు.

'ఏటండీ మాస్టారూ, ఇవి మన బంగారుతీగలేనా? పులుసుకి పనికొత్తాయా?' అని పాలబ్బాయి అడిగితే మాస్టారికి రెండ్రోజులు అన్నం సహించదు. అడిగినదాంట్లో తప్పు లేదు. కోయి బంగారుతీగకి దగ్గరి చుట్టమే. ఏరివేత లేకుండా వాటి మానాన వాటిని పిల్లలు పెట్టనిస్తే, కొన్ని తరాలకి తొట్టెలో ఎక్కువగా మిగిలేవి మాసిన రంగు చేపలే. పులుసుకి అవి నిక్షేపంగా పనికొస్తాయి.