కదలని బండికి టీకాతాత్పర్యం

అవతారిక: కాళిదాసుకు కోలాచల మల్లినాథసూరి దొరికాడు. కోయంబత్తూరు పీలమేడులో, కారుషెడ్డు మూల స్టాండు వేసి ఉన్న యమహా ఆర్‌ఎక్స్ 100కు మాత్రం ఇంతదాకా వ్యాఖ్యాత లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ పూనిక. పద్యం మాదే, వ్యాఖ్యానమూ మాదే. కనుక కవిహృదయం గురించి తగాదాకు తావు లేదు.

మూలం (ఆటవెలది):

కిక్కు కొట్టి కొట్టి కీళ్ళరిగినగాని
కదలనట్టి బండి కన్నబిడ్డ
నూనెపొగల నడుమ నోరార నగునయ్య
పీలమేటివాని పిచ్చి వింత

టీక: కిక్కు = కుడికాలితో తన్నబడు ఇనుపకాడను, కొట్టి కొట్టి = మరల మరల తన్ని (సెల్ఫ్ స్టార్టరు ఈ జాతికి అబ్బలేదు కనుక ద్విరుక్తి తప్పదు), కీళ్ళు అరిగినగాని = మోకాళ్ళు అరిగిపోయినను (కిక్కురాడ్డు పళ్ళు కూడ అరుగును గనుక శ్లేష), కదలనట్టి = చోటు విడువని, బండి = మోటారుసైకిలు, కన్నబిడ్డ = అమ్మకానికి పెట్టరానిది, నూనెపొగల నడుమ = టూటీ ఆయిలు కాలగా లేచిన నీలిపొగ మధ్య, నోరార నగున్ = దగ్గుతూనే నవ్వును, అయ్య = ఓ అయ్యా (ఇంట్లోవాళ్ళు వినడం మానేశారు, ఈ పిలుపు వీధినిగూర్చి), పీలమేటివాని = అవినాశి రోడ్డు పక్క నివసించువాని, పిచ్చి వింత = స్పష్టము.

తాత్పర్యం: బండి నడవదు. ఆయన అమ్మడు.

విశేషములు: బండి అనగా ఏది? హోసూరులో తయారైన ఇండ్-సుజుకీ అని కొందరు, రాజ్‌దూత్ పేరుతో వచ్చిన 350 సీసీ యమహా అని కొందరు. మొదటిది మా షెడ్డులో లేదు. రెండోది పొసగదు. దానికి సిలిండర్లు రెండు, గేర్లు ఆరు. దాని పెట్రోలు ఖర్చుకు ఆటవెలది చాలదు, సీసమే కావాలి. కనుక ఎస్కార్ట్స్ వాళ్ళు 1985 నుంచి 1996 దాకా చేసిన ఆర్‌ఎక్స్ 100 అనే నిర్ణయం. 98 సీసీ, పదకొండు గుర్రాల బలం. సిలిండరు వ్యాసం 50 మి.మీ., పిస్టను ప్రయాణమూ 50 మి.మీ. ఇంజనీర్లు దీన్ని స్క్వేర్ ఇంజను అంటారు. మేము సమవృత్తం అంటాం.

నూనెపొగ: ఇతర బండ్లలో నూనె ఇంజను అడుగున ఉండి తిరుగుతుంది. మనదాని వంటి టూ స్ట్రోకు బండిలో అది పెట్రోలుతో పాటు లోపలికి పోయి, కందెనగా పనిచేసి, చివరికి తానూ కాలిపోతుంది. కాలినది పొగ, కాలనిది సైలెన్సరులో మసి. ఆ మసి పేరుకుంటే బండి గొంతు పూడుతుంది. అప్పుడు సైలెన్సరు లోపలి గొట్టం ఊడదీసి మంటలో కాల్చి దులపాలి. ఇది ఆదివారం పొద్దున, ఉతికిన బట్టలు ఆరేసిన సమయంలో జరుగుట కవిసమయం. కాలుష్య నిబంధనలు బిగిశాక ఈ జాతి బండ్లు కొత్తవి రావడం ఆగిపోయింది. ఆ నిబంధనలు న్యాయమైనవని వ్యాఖ్యాత ఒప్పుకుంటాడు, పొగ వాసన వస్తే మాత్రం తల తిప్పి చూస్తాడు.

పీలమేటివాని: ఈ విశేషణం పాదపూరణానికి కాదు. మిల్లులు, పంపులు, మోటార్లు, ఫౌండ్రీలతో తరాలు గడిపిన తెలుగు నాయుళ్ళ పేట ఇది. పి.ఎస్.జి. అండ్ సన్స్ ధర్మసంస్థ 1926లో, పి.ఎస్.జి. టెక్ 1951లో ఇక్కడే పుట్టాయి. ఇక పిచ్చికి మూలపురుషుడు జి.డి. నాయుడు (1893–1974). కలంగల్ పల్లెలో ఒక దొర ఎక్కి తిరిగే రడ్జ్ మోటారుసైకిలు చూసి, కోయంబత్తూరు వచ్చి, హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టి, దాన్నే కొన్నాడు. కొని మురిసి ఊరుకున్నాడా? ముక్కముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించాడు. బస్సులూ కంపెనీలూ ఆ తరవాతి సంగతి. 2025లో అవినాశి రోడ్డు మీద తెరిచిన పైవంతెనకు ఆయన పేరు పెట్టారు. మన బండికి ఇంకా దాని మీద కాలుమోపే యోగం పట్టలేదు.

పూర్వపక్షం: రడ్జ్ ఇంగ్లీషుది, యమహా జపానుది, సంబంధమేమి? సమాధానం: అక్కడ నట్లకు అంగుళాల కొలత, ఇక్కడ మిల్లీమీటర్లు. కనుక స్పానర్ల పెట్టె మారింది. విప్పే చెయ్యి మారలేదు.

పాఠాంతరములు: అమ్మేవాడి ప్రతిలో ‘కదలునట్టి బండి’ అని ఉంది. ఒక్క కొమ్ము తేడా, గణాలు చెడవు, ధర మాత్రం రెట్టింపవుతుంది. ఇల్లాలి ప్రతిలో ‘కన్నబిడ్డ’కు బదులు ‘సవతిబిడ్డ’. ఇక్కడా గణాలు సరిపోయాయి గాని యతి చెడింది. పండితులు ఒప్పరు, అత్తగారు ఒప్పుకున్నారు.

అసలు పాఠం ఏది అన్న రచ్చ బండి విషయంలో ఇంకా పెద్దది. జపాను ముద్ర ఉన్న పిస్టను, కంపెనీ డబ్బాలో వచ్చిన రింగులు తప్ప తక్కినదంతా ప్రక్షిప్తమని ఒక వర్గం. వీళ్ళు రంగులో ఛాయ తేడా వచ్చినా భోజనం మానేస్తారు. మాకు ఈ వాదం రుచించదు. దొరకని బుష్షును పేటలోని లేత్ పట్టరైలో (అంటే వర్క్‌షాపులో) ఇత్తడితో తిప్పించి వేస్తే, అది కంపెనీ దానికన్నా ఎక్కువ కాలం మన్నిన సందర్భాలున్నాయి. అరిగిన సిలిండరుకు బోరు వేయించి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టను ఎక్కించే వెసులుబాటు తయారుచేసినవాడే ఇచ్చాడు. అంటే మార్పుకు మూలకారుడి అనుమతి ఉంది. చోటు వదలకుండా ముద్రలు లెక్కపెట్టేవాడికన్నా, లేతు ముందు చొక్కా నల్లబరుచుకున్నవాడే ఆ బండికి హక్కుదారు.

ఒక శంక: బండి కదలనిదని రెండో పాదం చెబుతుంది. మరి మూడో పాదంలో పొగ ఎక్కణ్ణుంచి వచ్చింది? కవి పొరపడ్డాడని తొందరపడరాదు. కదలకపోవడం వేరు, మోగకపోవడం వేరు. తడిసిన ప్లగ్గు తుడిచి, కార్బొరేటరు జెట్టులో నలక ఊది, ఎన్నో తన్నులకు ఇంజను అందుకుంది. స్టాండు మీదే మోగుతోంది, పొగ నిండుతోంది, ఆయన నవ్వుతున్నాడు. చక్రం ఎందుకు తిరగదంటే, చైనూ వెనక పళ్ళచక్రమూ పట్టరైకి వెళ్ళాయి. మంగళవారం రమ్మన్నారు. ఏ మంగళవారమో చెప్పలేదు.