చిన్న బోర్డు పెట్టండి: కొత్తగా దుకాణం తెరిచేవారికి బజారు ఒప్పుకోని సలహాలు

కొత్తగా దుకాణం తెరిచేవాళ్ళకు బజారులో ముందుగా దొరికే సలహా ఒకటే: బోర్డు పెద్దది పెట్టు. పక్కవాడిది పదడుగులైతే మనది పన్నెండు ఉండాలి, వాడికి రెండు లైట్లుంటే మనకు నాలుగుండాలి. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. మున్సిపాలిటీ ఎంత సైజు వరకు ఒప్పుకుంటుందో కనుక్కుని, అంతకంటే చిన్నది పెట్టండి. అక్కడితో ఆగకుండా, ఆ హద్దు అందరికీ గట్టిగా అమలు చేయమని మీ బజారు వ్యాపారుల సంఘం తరఫున మీరే వెళ్ళి అడగండి.

ఈ మాట అంటే దుకాణదారులు వింతగా చూస్తారు. బోర్డుల మీద ఆంక్షలంటే చిన్న వ్యాపారి పొట్ట కొట్టడమేనని మనవాళ్ళ గట్టి నమ్మకం. హద్దులు లేని రోడ్డు ఎలా ఉంటుందో ఒకసారి తలెత్తి చూస్తే ఆ నమ్మకం నిలవదు. నగల షోరూము మూడంతస్తుల మేర హీరోయిన్ బొమ్మ పరుస్తుంది. దాని ఎదురుగా సెల్‌ఫోన్ల షోరూము నాలుగంతస్తులు కప్పుతుంది. ఆ రెండింటి మధ్య ఎనిమిదడుగుల షట్టరున్న టైలరు ఎంత అప్పు చేసి ఎంత బోర్డు పెట్టినా వాటిని దాటలేడు. బోర్డు పోటీలో గెలిచేది ఎప్పుడూ డబ్బున్నవాడే. హద్దు పెడితే ఆ డబ్బుకు అక్కడ పని ఉండదు. చిన్నవాడికి హద్దే రక్ష.

హైదరాబాద్ సంగతే తీసుకోండి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 68 నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటిన ప్రకటనలను నిషేధించింది. అప్పుడు గగ్గోలు పెట్టింది ఎవరు? మేడల మీద హోర్డింగులు నడిపే ఏజెన్సీలు. ఒక్క షట్టరు కిరాణా కొట్టుకు 15 అడుగుల పైన అసలు గోడే ఉండదు కదా. అతనికి ఆ నిబంధన వల్ల పోయింది ఏమీ లేదు, నెత్తిన వేలాడే ఇనుము తగ్గింది తప్ప. ఆ ఇనుము సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. 2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో గాలివానకు హోర్డింగు కూలి 17 మంది చనిపోయారు. 40 అడుగులకు 40 అడుగులు ఉండాల్సిన చోట 120కి 120 నిలబెట్టారు.

ఇంకా దూరం వెళ్తే బ్రెజిల్‌లోని సావో పాలో ఉంది. 2007 జనవరి 1 నుంచి ఆ మహానగరంలో బహిరంగ ప్రకటనలు మొత్తం తీసేయించారు. గిల్బెర్టో కసాబ్ అప్పటి మేయరు. దుకాణాల పేరు బోర్డులకు కూడా కొలత పెట్టారు. ముఖభాగం పది మీటర్ల లోపు ఉంటే ఒకటిన్నర చదరపు మీటర్లకు మించకూడదు. మన లెక్కలో సుమారు 16 చదరపు అడుగులు, అంటే ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు బోర్డు. వ్యాపారాలు మూతపడతాయని చాలామంది భయపెట్టారు. దుకాణాలు గోడలకు ముదురు రంగులు వేసుకుని తమ ఉనికి చాటుకున్నాయి. రంగుకు చదరపు అడుగుల లెక్క లేదు! మీరు కూడా బోర్డు మీద మిగిల్చిన డబ్బుతో ముందుగోడకు ఒక్కటే గట్టి రంగు వేయించండి. "ఆ పసుపు కొట్టు పక్కన" అని జనం దారి చెప్పుకోవడం మొదలైతే మీకు అంతకంటే బోర్డు అక్కర్లేదు.

ఎనిమిది బై రెండు చాలదంటారా? కొలిచి చూద్దాం. బోర్డులు చేసేవాళ్ళు వాడే మోటు లెక్క ఒకటుంది: అక్షరం అంగుళం ఎత్తుంటే పదడుగుల దూరం నుంచి హాయిగా చదవవచ్చు. ముప్పై అడుగుల వీధిలో మూడంగుళాల అక్షరం సరిపోతుంది. ఎనభై అడుగుల రోడ్డుకు అవతలివైపు నుంచి చదవాలంటే ఎనిమిదంగుళాలు కావాలి. రెండడుగుల బోర్డులో ఆ అక్షరం పడుతుంది. అయితే ఈ లెక్క ఇంగ్లీషు అక్షరాలకు పుట్టింది. తెలుగుకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి. "శ్రీ లక్ష్మీ" అని రాయాలంటే "క్ష్మీ" దగ్గర పైన గుడిదీర్ఘం, కింద ష వత్తు, దానితో పాటు మ వత్తు పట్టాలి. కంప్యూటర్లో ఫాంటు లాగేసేవాడు ఈ మొత్తాన్ని బోర్డు ఎత్తుకు కుదించేస్తాడు. అసలు అక్షరం ఐదంగుళాలకు పడిపోతుంది, వత్తులు నల్లటి ముద్దలవుతాయి. చేత్తో రాసే ఆర్టిస్టు వత్తులను కుడిపక్కకు జరిపి, పక్క అక్షరం కింద ఉన్న ఖాళీలోకి తోసి, తలకట్టుల వరుస చెడకుండా చూస్తాడు. పాత బజార్లలో ఎనామిల్ పెయింటుతో రాసిన రేకు బోర్డులు ఇంకా మిగిలే ఉన్నాయి, దగ్గరికెళ్ళి చూడండి. అడుగున కుడి మూలన ఆర్టిస్టు సంతకం కూడా ఉంటుంది. రంగు వెలిసినా అక్షరం మాత్రం రోడ్డు అవతలికి కనిపిస్తుంది. మీ ఊళ్ళో అలాంటి ఆర్టిస్టు ఉంటే ఆయన దగ్గరికే వెళ్ళండి. లేకపోతే ఫ్లెక్సీ షాపులో కూర్చుని, వత్తులు, గుడులు వదిలేసి అసలు అక్షరం ఎన్ని అంగుళాలు వస్తోందో స్కేలు పెట్టి కొలిపించండి.

బోర్డు మీద పేరు ఉండాలి, ఏం వ్యాపారమో ఒక్క మాటలో ఉండాలి. ఇంకేమీ వద్దు. జిరాక్స్, లామినేషన్, రీఛార్జ్, పాన్‌కార్డు, ఆధార్ సేవలు అన్నీ బోర్డుకెక్కిస్తే ఏదీ కనపడదు. ఫోన్ నంబరు కూడా వద్దు. ఆ బోర్డు చదువుతున్న మనిషి మీ గుమ్మం ముందే నిలబడి ఉంటాడు కదా, ఫోనెందుకు చేస్తాడు? మీరందించే సేవల జాబితా తలుపు పక్కన, కంటి ఎత్తులో, ఒక చిన్న పలక మీద రాయించండి. మెరిసే లైట్లు, పరుగెత్తే అక్షరాల జోలికి అసలు పోకండి. రాత్రిపూట లోపల కొట్టంతా వెలుగుతూ కనిపించడం బోర్డు చుట్టూ ఉన్న లైట్లకంటే మేలు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఊరికే వచ్చే బోర్డు తీసుకోకండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. కూల్‌డ్రింక్ కంపెనీ మనిషో, సిమ్ కార్డుల కంపెనీ మనిషో, పెయింట్ల డీలరో వచ్చి, "అన్నా, బోర్డు ఫ్రీగా పెట్టిస్తాం, కరెంటు ఒక్కటే నీది" అంటాడు. చూస్తే పదడుగుల ఎర్రటి బోర్డులో తొమ్మిదడుగులు సీసా బొమ్మ. మీ తాతపేరుతో పెట్టుకున్న కొట్టు పేరు అడుగున, వాహనాల నంబరు ప్లేటంత అక్షరాల్లో ఉంటుంది. అదే వీధిలో అలాంటివి ఐదుంటాయి, ఏది ఎవరి కొట్టో కొత్తవాడికి తెలియదు. అంతకంటే ముఖ్యమైన చిక్కు ఇంకొకటి ఉంది. సొంత దుకాణం పేరు చెప్పే బోర్డునూ వేరొకరి సరుకును చాటే బోర్డునూ మున్సిపల్ అధికారులు ఒకేలా చూడరు. కంపెనీ గుర్తు ఎక్కిందంటే దాన్ని ప్రకటన కింద లెక్కగట్టే వీలుంటుంది. అప్పుడు నోటీసు వచ్చేది కంపెనీ హెడ్డాఫీసుకు కాదు, ఆ గోడ చిరునామాకు. ఆ రోజు ఫ్రీగా బోర్డు పెట్టిన మనిషి ఫోన్ ఎత్తడు.

ఇక నోటీసు వచ్చేదాకా ఊరుకోమనే సలహా. "నిద్రపోయేవాడిని లేపడం ఎందుకు?" అంటారు. నేను లేపమంటున్నాను. బోర్డు ఆర్డరు ఇవ్వకముందే దాని కొలతలు, నేల నుంచి ఎత్తు, రోడ్డు మీదికి ఎంత ముందుకు వస్తుందో కాగితం మీద గీసి పట్టుకెళ్ళండి. మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. బోర్డు బిగించాక టేపు పట్టుకుని కొలుస్తున్నట్టు ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా డబ్బు కట్టమంటే ఒక్క ప్రశ్న అడగండి: ఇది పన్నా, ఫీజా, జరిమానా? జీఎస్టీ కోసం తెచ్చిన 101వ రాజ్యాంగ సవరణతో రాష్ట్ర జాబితాలో ప్రకటనల పన్నుకు వీలిచ్చిన 55వ అంశం తొలగిపోయింది. కాబట్టి కాగితం మీద ఏమని రాశారో, ఏ నిబంధన కింద రాశారో చూడటం మీ హక్కు. నోటితో చెప్పే లెక్కకు డబ్బు ఇవ్వకండి. ఒకసారి ఇచ్చినది వచ్చే నెలకు మామూలు అయి కూర్చుంటుంది. చిన్న వ్యాపారిని నిజంగా పిండేది చదరపు అడుగుల హద్దు కాదు, ఆ హద్దు ఎంతో ఎవరూ రాతపూర్వకంగా చెప్పకపోవడం. వ్యాపారుల సంఘం పోరాడాల్సింది అక్కడ. ప్రతి వార్డు ఆఫీసు గోడ మీద బోర్డుల కొలతలు, ఫీజులు తెలుగులో రాసి పెట్టమని అడగండి. నాలుగు బొమ్మలతో అరపేజీలో అయిపోయే పని అది.

లీడరు పుట్టినరోజుకు మీ కొట్టు మీద ఫ్లెక్సీ కట్టనివ్వకండి. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టమని తెలుసు. కాదంటే కార్యకర్తలు మొహం చిట్లిస్తారు. కానీ ఆ ఫ్లెక్సీ మీ పేరును పండగ సీజనంతా కప్పేస్తుంది. మీరు డబ్బు పెట్టి చట్టప్రకారం పెట్టుకున్న బోర్డు కనపడదు, అనుమతి లేనిది మాత్రం కనపడుతుంది. శాలువా కప్పండి, కేకు కోయించండి, అన్నదానానికి బియ్యం పంపండి. ఫ్లెక్సీ దగ్గర మాత్రం "అన్నా, మున్సిపాలిటీ వాళ్ళు నాకు రాస్తారు" అని గట్టిగా చెప్పండి. ఒక్కరు చెబితే పగ, బజారంతా చెబితే పద్ధతి. హైదరాబాద్‌లో అనుమతి లేని ఫ్లెక్సీలకు రాజకీయ నాయకులకూ చలానాలు పడ్డాయి, కాబట్టి మీరు చెప్పేది అబద్ధం కాదు.

భాష సంగతికి వస్తే తెలుగు పైన, పెద్దగా పెట్టండి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద చేసిన నియమాల్లోనే పేరు బోర్డు తెలుగులో ఉండాలని, వేరే భాషలు రాస్తే అవి తెలుగు కింద ఉండాలని ఉంది. చాలామంది కింద మూలన నాలుగు తెలుగు అక్షరాలు పడేసి చేతులు దులుపుకుంటున్నారు. బెంగళూరులో మెస్సులు, బట్టల కొట్లు నడిపే మనవాళ్ళకు ఇంకో మాట. 2023 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషు బోర్డులు పగలగొట్టారు. 2024లో కన్నడ 60 శాతం ఉండాలని, అది పైభాగంలో ఉండాలని చట్టం సవరించారు. మీరు టేపు పెట్టి సరిగ్గా 60 దగ్గర ఆగకండి, 80 శాతం కన్నడ రాయించండి. ఆంధ్రా భోజనం కోసం వచ్చేవాడు వాసన పట్టుకుని వస్తాడు, తెలుగు అక్షరం కొంచెం చిన్నదైతే తిరిగిపోడు. మీ కొట్టున్న వీధి ఆ భాషది. చెన్నైలోనూ అంతే. అక్కడ తమిళానికి ఐదు, ఇంగ్లీషుకు మూడు, మరో భాషకు రెండు పాళ్ళని నియమం ఉంది.

నేను నిబంధనల పక్షం మాట్లాడుతున్నా, తొందరపాటు నిబంధనల పక్షం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు చివర విశాఖపట్నంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. అమలుకు ముందు నవంబరు 1 అన్నారు, తర్వాత 2023 జనవరి 26కు జరిపారు. గుడ్డ బ్యానరు వాడమనడం మంచి మాటే. కానీ అప్పు తెచ్చి ప్రింటింగ్ మెషీను పెట్టుకున్న మండల కేంద్రంలోని కుర్రాడికి రెండు నెలల గడువేమిటి? గుడ్డ మీద ముద్రించే మెషీనుకు మారడానికి రుణం, కనీసం రెండేళ్ళ సమయం ఇచ్చి ఉంటే అతను కూడా ఆ నిబంధనకు జేజేలు కొట్టేవాడు.

చివరగా, కిరాయి కాగితం. బోర్డు గొడవల్లో ఎవరూ చూడనిది ఇదే. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, నీళ్ళ బిల్లు ఎవరిది, అన్నీ రాసుకుంటారు. షట్టరు పైన గోడ ఎవరిదో రాసుకోరు. ఆర్నెల్లకు ఇంటి ఓనరు ఆ గోడను వేరే కంపెనీ ప్రకటనకు కిరాయికిస్తాడు, మీ బోర్డు దాని కింద నలిగిపోతుంది. లేదా మీకంటే ముందున్నవాడు వదిలేసిన ఇనుప చట్రానికి నోటీసు వస్తే మీ పేరున వస్తుంది. అందుకని అగ్రిమెంటులో నాలుగు వాక్యాలు చేర్పించండి: బోర్డు ఎక్కడ, ఎంత కొలత, ఆ గోడ మీద ఇంకెవరికీ జాగా ఇవ్వకూడదు, పాత చట్రాలు తాళం ఇచ్చేలోపు ఓనరే తీయించాలి, మీ బోర్డుకు వచ్చే ఫీజు మీది, మిగతా గోడకు వచ్చేది ఓనరుది. ఓనరు నసుగుతాడు. తాళం చేతికి తీసుకోకముందే, అడ్వాన్సు ఇంకా మీ జేబులో ఉండగానే ఈ మాట తేల్చుకోండి.