బల్ల మీది గుడ్డ

మొన్న ఆదివారం మా కోడలు తెల్ల చొక్కా ఒకటి నా ముందు పరిచి, "మామయ్యగారూ, ఈ గళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?" అంది. చొక్కా వీపు మీద జల్లెడ అచ్చు గుద్దినట్టు గళ్ళు. ఇస్త్రీ బల్ల తెప్పించి పైగుడ్డ ఊడదీశాను. పైన వెండి రంగు పూత, కింద స్పాంజి, అంచు చుట్టూ ఎలాస్టిక్. కొని రెండేళ్ళు కూడా కాలేదు. పెట్టె వేడికి స్పాంజి పొడిపొడిగా రాలిపోతోంది, అడుగునున్న ఇనుప జాలీ చొక్కాకి తగులుతోంది. "పోనీలెండి, కొత్తది తెప్పిద్దాం" అంది. నాకు కడుపు మండిపోయింది.

నలభై ఏళ్ళు ఈ కొండపల్లిలో మెషిను తొక్కినవాణ్ణి. పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రీ నా చేతికి కత్తెర ఇవ్వలేదు. మొదటి ఆరు నెలలూ ఇస్త్రీ బల్ల అప్పగించాడు. బల్ల మీద గుడ్డ చూసుకోలేనివాడు గిరాకీ గుడ్డ ఏం చూసుకుంటాడని ఆయన లెక్క. ఆ లెక్క ఇప్పటికీ సరైనదే అంటాను.

బల్లకి అన్నిటికంటే కింద నల్ల గొంగళి, రెండు మడతలు. గొర్రె బొచ్చుతో నేసిన అసలు గొంగళి. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా పైకి తడిగా తగలదు. తడి చల్లి ఇస్త్రీ చేసినప్పుడు లేచే ఆవిరంతా దానిలోకి దిగిపోతుంది. చొక్కా తిరగేసి పెట్టె నడిపితే గుండీలు ఆ మెత్తలోకి కూరుకుపోతాయి, ఒక్కటి పగలదు. అప్పటివి బొగ్గుల ఇస్త్రీ పెట్టెలు. నిప్పు కణిక జారిపడినా ఉన్ని భగ్గున అంటుకోదు, కమురు కంపు కొట్టి అక్కడికక్కడే ఆగిపోతుంది. గొంగళి మీద పాత నేత పంచె నాలుగు మడతలు. దాని మీద లాంగ్‌క్లాతు. కొత్త లాంగ్‌క్లాతు నేరుగా పరిస్తే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. మిల్లు గంజి పెట్టెకి అంటుకుని, ఆ పసుపు మరక గిరాకీ బట్టకి ఎక్కుతుంది. రెండుసార్లు వేడినీళ్ళలో ఉడికించి, కుంచించుకున్నాకే బల్ల ఎక్కాలి.

ఏ పొరకి ఆ పొర విడిగా వచ్చేది. అసలు సంగతి అదే. పైగుడ్డ మాస్తే అదొక్కటే ఉతుకుతాం. ఒకచోట కమిలితే తలా కాళ్ళూ మార్చి వేస్తాం. ఇప్పటివి అన్నీ కలిపి అతికించి అమ్ముతున్నారు. అరచేతి మేర చెడితే మొత్తం చెత్తబండిలోకి పోతోంది.

కాపాడుకోవడమూ ఓ పనే. పెట్టెలో బూడిద బయటికెళ్ళి ఊదుకుని రావాలి. పెట్టె అడుగున గంజి మాడితే కాగితం మీద ఉప్పు చల్లి, వేడిగా ఉన్నప్పుడే రుద్దాలి. బల్ల మీద టీ గ్లాసు పెట్టకూడదు. సాయంత్రం కొట్టు కట్టేముందు పైగుడ్డ దులిపి, తిరగేసి, మీద ఇంకో పాత దుప్పటి కప్పాలి. లేకపోతే తెల్లారేసరికి రోడ్డు దుమ్మంతా దాని మీదే. వానాకాలం గంజి వాసనకి బొద్దింకలు చేరతాయి, బూజు పడుతుంది. అందుకని ఎండ కాసిన రోజు గొంగళితో సహా అరుగు మీద పరిచేవాళ్ళం. ఇదంతా రోజుకి పది నిమిషాల పని.

జాకెట్టు భుజాలు, చంకలు ఇస్త్రీ చేసేటప్పుడు అడుగున పెట్టే మెత్త కూడా మేమే కుట్టుకునేవాళ్ళం. దానికి పొట్టు బొమ్మల కాలనీ నుంచి తెచ్చుకునేవాణ్ణి. తెల్ల పొణికి కర్ర చెక్కగా రాలిన పొట్టు. బొమ్మలవాళ్ళు కర్రని సన్న సెగ మీద ఆరబెట్టి తేమంతా లాగేశాకే చెక్కుతారు. చింతగింజల పిండితో పొట్టు కలిపి మక్కు చేసి చేతులూ కాళ్ళూ అతుకుతారు. పచ్చి కర్రతో చేస్తే బొమ్మ నెర్రె విచ్చుతుందని వాళ్ళకి తెలుసు. ఆ పొట్టుతో కుట్టిన మెత్త పదిహేనేళ్ళు వాడాను.

మడత బల్ల మీద నాకు కోపం లేదు. 1892లో అమెరికాలో సారా బూన్ అనే నల్లజాతి మహిళ, ఆవిడా బట్టలు కుట్టే మనిషే, ఆడవాళ్ళ రవికల చేతులకి, నడుముకి సరిపోయేలా సన్నటి వంపు బల్ల చేసి పేటెంటు తీసుకుంది. కుట్టుపని తెలిసిన చెయ్యి అది. ఆ వెండి పూత వేడిని పైకి తిప్పికొడుతుందన్న మాటా నిజమే. కానీ ఆవిరి దాన్ని దాటి కిందికి దిగదు, బట్ట చెమ్మగానే ఉండిపోతుంది. నూలు బట్టకి పెట్టె వేడి సుమారు 200 డిగ్రీలు. ఆ సెగ రోజూ తగులుతుంటే స్పాంజి, ఎలాస్టిక్ ఎన్నాళ్ళు నిలుస్తాయి?

ఆ మధ్యాహ్నమే కుట్టడానికి కూర్చున్నాను. బల్లని బోర్లించి పాత పంచె మీద గీత గీసి, చుట్టూ నాలుగు వేళ్ళు వదిలి కత్తిరించాను. ముక్కు దగ్గర వంపు తిరగాలంటే నిలువు పట్టీ పనికిరాదు, ముడతలు పడుతుంది. క్రాసు పట్టీ వేస్తేనే బల్లని అంటుకుని కూర్చుంటుంది. దారం నూలుదే. అంచు మడిచి కుట్టి, లంగాకి బొందు ఎక్కించినట్టు పిన్నీసుకి నూలు తాడు కట్టి చుట్టూ దూర్చాను. అడుగున గొంగళి ముక్క రెండు పొరలు పరిచి, పైగుడ్డ తొడిగి తాడు లాగి ముడేశాను. వేలితో మీటితే డప్పులా మోగింది. కోడలు అదే చొక్కాకి తడి చల్లి, తిరగేసి ఇస్త్రీ చేసింది. ఒక్క గడి లేదు. ఖర్చు తాడుకీ దారానికీ అయిందే.

మీ బీరువా అడుగున నాన్నగారి పంచెలు ఉండే ఉంటాయి. పారేయకండి. గొంగళి దొరక్కపోతే చిరిగిన ఉన్ని రగ్గయినా సరే. రెండూ పట్టుకుని మా ఇంటికి రండి, మెషిను ఇంకా వసారాలోనే ఉంది. బల్ల కొలత మాత్రం మర్చిపోకుండా తీసుకురండి.